మట్టిపొరల పంచాంగం: బల్గేరియాలోని కరనొవో గ్రామం

ఐరోపా ఖండానికి ఆగ్నేయ దిశలో బాల్కన్ ద్వీపకల్పం ఉన్నది. అందులో నల్లసముద్రానికి పడమటి ఒడ్డున ఉన్న దేశం బల్గేరియా. ఈ దేశాన్ని బాల్కన్ పర్వతపంక్తి తూర్పు పడమరలుగా అడ్డగించి రెండు భాగాలు చేస్తున్నది. పర్వతాలకు దక్షిణాన మరిత్స నది, దాని ఉపనదులు పారే విశాలమైన మైదానం కలదు. దీనికి థ్రేసు మైదానమని పేరు. గోధుమకూ, పొద్దుతిరుగుడుకూ ఇది పేరుపొందిన నేల. ఈ మైదానపు ఉత్తరపు అంచున, స్రెద్న గోర కొండల పాదాన, నోవా జగోరా పట్టణానికి సమీపంలో కరనొవో అనే పల్లె ఉన్నది.

ఆ పల్లెలో రాజుల కోటలు లేవు, గొప్ప దేవాలయాలు లేవు. అయినా ప్రపంచంలో పురావస్తుశాస్త్రం బోధించే కళాశాలలలో ఈ పేరు వినని విద్యార్థి అరుదు. అందుకు కారణం ఊరి పక్కన ఉన్న ఒక మట్టిదిబ్బ. దాని ఎత్తు సుమారు 12 మీటర్లు, అంటే నాలుగంతస్తుల మేడంత. ఆ దిబ్బను ఎవరూ పనిగట్టుకొని పోయలేదు. అది ప్రకృతి సిద్ధమైన గుట్ట కూడా కాదు. అక్కడ తరతరాలుగా కాపురమున్న రైతుల ఇళ్ళ మట్టే అంత ఎత్తు పేరుకొన్నది. ఆ ఊరిలో మొదటి ఇల్లు లేచి నేటికి సుమారు 8200 ఏళ్ళయింది.

దిబ్బ ఎట్లా పెరిగింది?

పాత ఊళ్ళు పాడుపడిన చోట మిగిలే ఎత్తయిన నేలను తెలుగువారు పాటిదిబ్బ అంటారు. బల్గేరియావారు ఇట్టి దిబ్బలను మొగిల అంటారు. థ్రేసు మైదానంలోనూ, డాన్యూబ్ నదీ ప్రాంతంలోనూ ఇటువంటివి వందల సంఖ్యలో ఉన్నాయి. ఇవి పెరిగే తీరు చాలా సులభంగా బోధపడుతుంది.

ఆనాటి ఇంటికి గుంజలు పాతి, వాటి నడుమ సన్నని కొమ్మలతో తడికె అల్లి, తడికెకు రెండువైపులా గడ్డి కలిపిన మట్టి మెత్తేవారు. పైన గడ్డి కప్పు వేసేవారు. అటువంటి ఇల్లు ఒకటి రెండు తరాలకు మించి నిలవదు. గుంజలు మొదట కుళ్ళిపోతాయి, లేదా నిప్పంటుకొని ఇల్లు కాలిపోతుంది. అప్పుడు కూలిన గోడల మట్టిని ఊరి బయటకు మోసి పారవేయడంకంటె, ఆ మట్టినే చదును చేసి దానిమీద కొత్త ఇల్లు కట్టుకోవడం తేలిక. ఈ విధంగా ప్రతి పునర్నిర్మాణానికీ నేల కొద్ది సెంటీమీటర్లు పైకి లేస్తుంది. పొయ్యిబూడిద, పగిలిన కుండలు, ఎముకలు, పశువుల కొట్టాల చెత్త ఆ మట్టిలో కలిసిపోతాయి.

కరనొవో దిబ్బ రమారమి మూడువేల ఏళ్ళ కాలంలో 12 మీటర్లు పెరిగింది. అంటే సగటున సంవత్సరానికి 4 మిల్లీమీటర్లు. ఏభై ఏళ్ళు బ్రతికిన ఒక రైతు తన జీవితకాలంలో ఊరు జానెడు ఎత్తు లేవడం చూసి ఉంటాడన్నమాట. అయితే ఇది సగటు లెక్క మాత్రమే. ఊరంతా తగలబడిన ఏట దిబ్బ ఒక్కసారిగా పెరగవచ్చు. జనం ఊరు విడిచిపోతే వందల ఏళ్ళు అసలే పెరగకపోవచ్చు. కనుక పొర మందాన్ని కొలిచి కాలాన్ని చెప్పడం సాధ్యం కాదు. దిబ్బ ముందు వెనుకల వరుసను చెప్పగలదు గాని, సంవత్సరాలను చెప్పలేదు. ఈ భేదం ఈ కథకంతా కీలకం.

ఏడు పొరలు

పైనున్న పొర కొత్తది, కిందనున్న పొర పాతది అనే నియమాన్ని శిలల విషయంలో నికొలాస్ స్టెనో 1669లో ప్రకటించాడు. భూగర్భశాస్త్రానికి పునాది అయిన ఈ నియమం పాటిదిబ్బలకు కూడా వర్తిస్తుంది. కాకపోతే మనుషులు గోతులు తవ్వుతారు, ధాన్యపు పాతర్లు తీస్తారు, గుంజలు పాతుతారు. అప్పుడు పైపొరలోని వస్తువు కింది పొరలోకి దిగిపోతుంది. కనుక తవ్వేవారు ప్రతి గోతి అంచునూ, మట్టి రంగులోని ప్రతి మార్పునూ గుర్తించవలసి ఉంటుంది.

కరనొవోలో వసిల్ మికొవ్ 1936లో తవ్వకాలు ఆరంభించారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత 1947 నుంచి 1957 వరకు ఆయనా, గెఓర్గి గెఓర్గియెవూ ఆ పనిని పెద్ద ఎత్తున కొనసాగించారు. దిబ్బను పైనుంచి అడుగు వరకు కోసి చూస్తే ఏడు ముఖ్యమైన దశలు కనిపించాయి. గెఓర్గియెవ్ ఈ వరుసను 1961లో ప్రకటించారు.

అన్నిటికంటె అడుగున ఉన్న మొదటి దశలో ఎర్రని కుండలమీద తెల్లరంగుతో గీసిన నగిషీలు ఉన్నాయి. రెండవ దశలో రంగు నగిషీలు పోయి, గాళ్ళు తీర్చిన ముదురురంగు కుండలు వచ్చాయి. మూడవ దశలో నల్లగా మెరుగుపెట్టిన కుండలూ, కాళ్ళున్న పాత్రలూ కనిపిస్తాయి. నాలుగు, ఐదు దశలలో కుండమీద గీతలు చెక్కి, కొన్నిటిలో తెల్లని ముద్ద నింపారు. ఆరవ దశలో గ్రాఫైటుతో వెండిరంగు నగిషీలు వేసిన కుండలూ, రాగి వస్తువులూ దొరికాయి. ఏడవది తొలి కంచుయుగపు దశ.

కుండపెంకు విలువైన వస్తువు కాదు. అయినా పురావస్తు శాస్త్రజ్ఞునికి అది బంగారంకంటె ఎక్కువ పనికివస్తుంది. కుండ తరచు పగులుతుంది, పగిలినా నశించదు, తరానికొక తీరున మారుతుంది. బాల్కన్ ప్రాంతంలో మరెక్కడైనా గ్రాఫైటు నగిషీల కుండ దొరికితే అది కరనొవో ఆరవ దశకు సాటి అని చెప్పవచ్చు. ఈ విధంగా ఒక పల్లె పక్కని దిబ్బ ఆ ప్రాంతపు చరిత్రపూర్వ యుగానికంతటికీ కొలమానమయింది.

తొలి రైతుల సేద్యం

మట్టిలో పడిన గింజ మామూలుగా కొద్ది కాలానికే కుళ్ళిపోతుంది. అదే గింజ పొయ్యిలో పడో, ఇల్లు తగలబడో బొగ్గయితే వేల ఏళ్ళయినా చెడదు, ఎందుకంటే బొగ్గును సూక్ష్మజీవులు తినలేవు. తవ్విన మట్టిని నీళ్ళలో కలియబెడితే మట్టి అడుగుకు దిగి, బొగ్గయిన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నని జల్లెడతో వడగట్టి, ఆరబెట్టి, సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు.

థ్రేసు మైదానపు తొలి ఊళ్ళలో ముఖ్యంగా రెండు గోధుమ రకాలు దొరికాయి. ఒకటి కంకిలోని ప్రతి చిన్నగుత్తిలో సాధారణంగా ఒకే గింజ ఉండే ఒంటిగింజ గోధుమ. రెండవది రెండు గింజలుండే ఎమ్మర్ గోధుమ. మన దేశంలో ఖప్లీ అని పిలిచే గోధుమ ఈ రెండవ జాతికి చెందినదే. ఈ రెండింటికీ పొట్టు గింజను గట్టిగా పట్టుకొని ఉంటుంది, నూర్చినంత మాత్రాన ఊడదు. రోట్లో దంచవలసిందే. గోధుమలతో పాటు బార్లీ, చిరిసెనగ, బఠానీ కూడా పండించారు. గొర్రెలు, మేకలు, ఆవులు, పందులు వారి పెంపుడు జంతువులు.

కోతకు వారు వాడిన కొడవలి కరనొవో పేరుతోనే ప్రసిద్ధమయింది. వంపు తిరిగిన దుప్పికొమ్ముకు లోపలివైపు గాడి తీసి, ఆ గాడిలో చెకుముకి రాతి పలకలను కొంచెం ఏటవాలుగా వరుసగా అతికించారు. అందువల్ల అంచు రంపపు పళ్ళవలె ఏర్పడింది. ఒక పలక మొండిదయితే దానిని మాత్రం తీసి కొత్తది పెట్టుకోవచ్చు. ఈ పలకల అంచున అద్దంవంటి మెరుపు కనిపిస్తుంది. గడ్డిజాతి మొక్కల కాడలలో సిలికా ఉంటుంది గనుక, వేల పరకలను కోసిన రాతికి ఆ నునుపు వస్తుంది. రాయి దేనికి వాడారో చెప్పే సాక్ష్యం ఆ మెరుపే. ఈ పలకలకు వాడిన, తెల్ల మచ్చలున్న తేనెరంగు చెకుముకి రాయి ఊరి దగ్గర దొరికేది కాదు. పర్వతాలకు ఆవల, డాన్యూబ్ ప్రాంతం నుంచి వచ్చేది. కొడవలికి రాయి తెచ్చుకోవడానికి కొండలు దాటవలసి వచ్చిన రైతుకు పొరుగు ఊళ్ళతో సంబంధాలు తప్పనిసరి.

ఒకేచోట ఇన్ని ఏళ్ళు ఎందుకున్నారు?

అడవి నరికి, కాల్చి, రెండు మూడు పంటలు తీసి, సారం తగ్గగానే మరొక చోటికి పోయే రైతులు దిబ్బను మిగల్చరు. దిబ్బ పెరిగిందంటే ఊరు కదలలేదనే అర్థం. ఊరు కదలలేదంటే చుట్టుపక్కల పొలాల సారం తరగలేదని అర్థం. ఇది ఎట్లా సాధ్యమయింది?

వారి పంటలలో పప్పుధాన్యాలు ఉన్నాయని చూశాం. వాటి వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు చేరుస్తాయి. రెండవ ఆధారం పశువుల ఎరువు. ఎరువు వేసినదీ లేనిదీ వేల ఏళ్ళ తరువాత ఎట్లా తెలుస్తుందని సందేహం కలగవచ్చు. నత్రజనిలో 14, 15 ద్రవ్యరాశులు గల రెండు స్థిరమైన ఐసోటోపులు ఉన్నాయి. పేడ కుళ్ళేటప్పుడు అమోనియా వాయువుగా పోయే నత్రజనిలో తేలికది ఎక్కువ. కనుక ఎరువులో బరువైన నత్రజని పాలు పెరుగుతుంది. ఆ ఎరువు తిన్న పంట గింజలలో కూడా అది పెరుగుతుంది. ఐరోపాలోని 13 నవీన శిలాయుగపు స్థలాల గింజలను ఈ పద్ధతిన పరీక్షించి, తొలి రైతులు పొలాలకు పశువుల ఎరువు వేసేవారని 2013లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఎరువు ఫలితం ఒక్క ఏటితో పోదు, చాలా ఏళ్ళు నిలుస్తుంది. అట్లా పోషించిన పొలాన్ని విడిచిపోవడానికి ఏ రైతూ ఇష్టపడడు. ఊరు స్థిరపడటానికి ఇది ఒక బలమైన కారణం.

సంవత్సరాలు ఎట్లా తెలుస్తాయి?

దిబ్బ వరుసను చెప్పింది. ఇక కాలాన్ని నిర్ణయించాలి. వ్రాతలు లేని కాలానికి తేదీలు ఎక్కడనుంచి వస్తాయి? 1950కి పూర్వం ఒకే మార్గం ఉండేది. ఈజిప్టు రాజుల జాబితాల వల్ల, నక్షత్రోదయాల వ్రాతల వల్ల ఆ దేశ చరిత్రకు క్రీ. పూ. 3000 ప్రాంతం వరకు తేదీలు తెలుసు. ఈజిప్టు వస్తువు క్రీటు ద్వీపంలో దొరికితే ఆ పొరకు తేదీ తెలుస్తుంది. క్రీటు నుంచి ఏజియన్ తీరాలకు, అక్కడినుంచి ట్రాయ్ నగరానికి ఇదే తీరున గొలుసు సాగింది. ట్రాయ్‌కి ఉత్తరాన ఉన్న బాల్కన్ ఊళ్ళలో వ్రాతలు లేవు, ఈజిప్టు వస్తువులూ లేవు. అక్కడి కుండలకూ, రాగి పనిముట్లకూ ట్రాయ్ వస్తువులతో పోలికలున్నాయని మాత్రం పండితులు భావించారు.

ఈ పోలికల వెనుక ఒక నమ్మకం కూడా ఉన్నది. నాగరకత, ముఖ్యంగా లోహవిద్య, పశ్చిమాసియాలో పుట్టి ఐరోపాకు పాకిందని అప్పటి పండితుల అభిప్రాయం. కనుక బాల్కన్ రైతులు రాగిపనిని ట్రాయ్ వైపునుంచి నేర్చుకొన్నారనీ, వారి రాగియుగం క్రీ. పూ. 2700కు ముందు కాజాలదనీ అనుకొన్నారు. గార్డన్ చైల్డ్ వంటి మహాపండితుని గ్రంథాలలో కూడా ఇట్టి కాలక్రమమే ఉన్నది. ఆ లెక్కన కరనొవో ఆరవ దశ ట్రాయ్‌కి శిష్యురాలు అవుతుంది.

కర్బన గడియారం

1949లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు విలర్డ్ లిబ్బీ, ఆయన సహచరులు ఒక కొత్త పద్ధతిని ప్రకటించారు. అందుకు లిబ్బీకి 1960లో నోబెల్ బహుమతి లభించింది. ఆ పద్ధతి సారాంశం ఇది.

విశ్వకిరణాల వల్ల వాతావరణంలో న్యూట్రానులు పుడుతాయి. అవి నత్రజని పరమాణువులను తాకినప్పుడు కర్బనం-14 తయారవుతుంది. ఇది ఆమ్లజనితో కలిసి బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో వ్యాపిస్తుంది. మొక్కలు ఆ వాయువును పీల్చుకొంటాయి, జంతువులు మొక్కలను తింటాయి. కనుక ప్రాణమున్నంతకాలం ప్రతి జీవిలోనూ కొంచెం కర్బనం-14 ఉంటుంది. సుమారు లక్షకోట్ల మామూలు కర్బన పరమాణువులకు ఒకటి చొప్పున మాత్రమే అది ఉంటుంది. ప్రాణి చనిపోగానే రాబడి ఆగిపోతుంది, వ్యయం మాత్రం సాగుతుంది. కర్బనం-14 రేడియోధార్మికత వల్ల మెల్లగా నశించి మళ్ళీ నత్రజనిగా మారుతుంది. 5730 ఏళ్ళకు అందులో సగం మిగులుతుంది. మరి 5730 ఏళ్ళకు ఆ సగంలో సగం మిగులుతుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. కరనొవో అడుగుపొర కాలానికి చెందిన ఒక గింజలో, జీవించి ఉన్న గింజలో ఉండవలసిన కర్బనం-14లో నూటికి 40 పాళ్ళు మాత్రమే మిగిలిందని అనుకొందాం. పరిశోధనశాలలు ఒప్పందం ప్రకారం నేటికీ లిబ్బీ వాడిన 5568 ఏళ్ళ అర్ధజీవితకాలంతోనే లెక్క కడుతాయి. ఆ లెక్కన గింజ వయస్సు 1950వ సంవత్సరానికి సుమారు 7360 ఏళ్ళు వెనుకకు, అంటే క్రీ. పూ. 5410కి చేరుతుంది. ఇది పాత అంచనాలకంటె ఎంతో వెనుకటి కాలం. అందువల్ల కొందరు పండితులు పద్ధతినే శంకించారు. ఒక బొగ్గుముక్క ఎక్కడో కలుషితమై ఉండవచ్చు గదా అని వారి వాదం.

ఇక్కడ దిబ్బ సాక్షిగా నిలిచింది. పొరల వరుస పరిశోధనశాలకు సంబంధం లేకుండా, ముందే తెలిసినది. గడియారం తప్పయితే తేదీలు పైనా కిందా కలగాపులగంగా రావాలి. కాని పైపొరల నమూనాలు తక్కువ వయస్సునూ, కింది పొరల నమూనాలు ఎక్కువ వయస్సునూ చూపించాయి. ఒకదానితో ఒకటి సంబంధంలేని రెండు సాక్ష్యాలు ఏకీభవించడమే విజ్ఞానశాస్త్రంలో గట్టి నిదర్శనం.

చెట్టు చెప్పిన సవరణ

అయితే గడియారం కొంచెం తప్పు నడుస్తున్నదని కూడా త్వరలోనే తేలింది. అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో నాలుగువేల ఏళ్ళకు పైబడిన బ్రిసిల్‌కోన్ పైను వృక్షాలున్నాయి. చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది గనుక వలయాలను లెక్కిస్తే ప్రతి వలయానికీ నిజమైన సంవత్సరం తెలుస్తుంది. సజీవ వృక్షాల వలయాలను ఎండిపోయి పడి ఉన్న దుంగల వలయాలతో జతపరచి ఈ వరుసను ఇంకా వెనుకకు తీసుకొనిపోయారు. ఒక్కొక్క వలయంలోని కర్బనం-14ను కొలిచి, హాన్స్ స్యూస్ 1967లో సవరణ రేఖను ప్రకటించారు.

దానివల్ల తేలిన విషయం ఏమంటే, వాతావరణంలో కర్బనం-14 పాలు అన్ని కాలాలలోనూ ఒకేరీతిగా లేదు. భూమి అయస్కాంత క్షేత్రం బలహీనంగా ఉన్న కాలంలో విశ్వకిరణాలు ఎక్కువగా లోపలికి వస్తాయి, కర్బనం-14 ఎక్కువగా పుడుతుంది. అటువంటి కాలపు గింజ ఎక్కువ ధనంతో ప్రయాణం ఆరంభించిన బాటసారివంటిది. చేతిలో మిగిలినది చూసి, ఇతడు బయలుదేరి ఎంతో కాలం కాలేదని పొరబడతాం. కనుక సవరించిన తేదీలు మరింత వెనుకకు జరుగుతాయి. పై ఉదాహరణలోని గింజ కాలం క్రీ. పూ. 5410 కాదు, సుమారు 6200. తేడా దాదాపు 800 ఏళ్ళు. నేడు పరమాణువులనే నేరుగా లెక్కించే యంత్రాలు ఉన్నందువల్ల ఒక్క గింజ చాలు. దూలపు బొగ్గుకంటె గింజ మేలు కూడా. దూలం ఇల్లు కట్టేనాటికే వందేళ్ళ చెట్టు కావచ్చు, గింజ మాత్రం ఆ ఏటి పంటే.

తలకిందులైన గురుశిష్య సంబంధం

ఈ సవరణలతో కరనొవో మొదటి దశ క్రీ. పూ. 6200 ప్రాంతానికీ, రాగి వాడిన ఆరవ దశ క్రీ. పూ. 4600 - 4200 ప్రాంతానికీ చేరాయి. ట్రాయ్ మొదటి ఊరు క్రీ. పూ. 3000 ప్రాంతానిది. అంటే శిష్యురాలనుకొన్న ఊరు గురువుకంటె వెయ్యేళ్ళకు పైగా పెద్దది! పుట్టని గురువు దగ్గర పాఠం నేర్చుకోవడం ఎట్లా సాధ్యం?

బ్రిటిష్ పురావస్తు శాస్త్రజ్ఞుడు కోలిన్ రెన్‌ఫ్రూ 1969లో ఈ విషయాన్ని చర్చిస్తూ, ఆగ్నేయ ఐరోపా రాగియుగం స్వతంత్రంగా వికసించినదని వాదించారు. ఉత్తర గ్రీసులోని సితగ్రోయ్ దిబ్బలో 1968 - 1970 మధ్య ఆయనా, మరియా గింబూటస్ కలిసి జరిపిన తవ్వకాలు దీనిని బలపరచాయి. అక్కడ కరనొవో ఆరవ దశను పోలిన గ్రాఫైటు కుండల పొర, ట్రాయ్‌ని పోలిన పొరకు అడుగున ఉన్నది. అంటే రేడియోకర్బనంతో పని లేకుండా, మట్టి వరుస ఒక్కటే అదే తీర్పు చెప్పింది.

మరి రాగిపని వారికెట్లా అబ్బింది? గ్రాఫైటు నగిషీల కుండ కాల్చాలంటే ఆవంలో వేడినీ, గాలినీ అదుపులో పెట్టడం తెలియాలి. గాలి ఎక్కువైతే గ్రాఫైటు కాలిపోతుంది. ఆకుపచ్చని మాలకైటు రాయిని బొగ్గుతో కలిపి బాగా వేడిచేస్తే అది రాగి ఆక్సైడుగా మారి, ఆపైన బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు ఆమ్లజనిని లాగివేయగా రాగి మిగులుతుంది. రాగి కరగడానికి 1083 సెంటీగ్రేడు డిగ్రీలు కావాలి. అగ్నిని ఇంతగా లొంగదీసుకొన్న కుమ్మరులున్న దేశంలో లోహకారుడు పుట్టడం వింత కాదు. ముడిరాయి కూడా దగ్గరలోనే ఉన్నది. స్టారా జగోరా పట్టణం దగ్గర ఐబునార్ అనేచోట క్రీ. పూ. 5వ సహస్రాబ్దినాటి రాగి గనులను రష్యన్ శాస్త్రజ్ఞుడు చెర్నిఖ్ 1970 తరువాతి ఏళ్ళలో పరిశోధించారు.

1972లో నల్లసముద్రపు తీరాన వర్నా నగరం వద్ద కందకం తవ్వుతుండగా అనుకోకుండా ఒక శ్మశానం బయటపడింది. అది కరనొవో ఆరవ దశ కాలానిదే. అక్కడి సమాధులలో సుమారు 3000 బంగారు వస్తువులు, మొత్తం సుమారు 6 కిలోగ్రాముల తూకం గలవి, దొరికాయి. కొందరి సమాధులలో బంగారం రాశులుగా ఉండగా, అనేక సమాధులలో ఏమీ లేదు. గోధుమ పండించే ఊళ్ళ మధ్య కలిమిలేముల భేదం అప్పటికే ఏర్పడిందని దీనివల్ల విశదమవుతున్నది.

బయటినుంచి వచ్చినదేది?

ఇంతమాత్రాన అన్నీ ఇంటిలోనే పుట్టాయనుకోవడం కూడా పొరపాటే. ఒంటిగింజ గోధుమ, ఎమ్మర్ గోధుమల అడవి మూలాలు పశ్చిమాసియాలో ఉన్నాయి. పెంపుడు గొర్రె, మేక కూడా అక్కడివే. 2018లో ఆగ్నేయ ఐరోపాలోని ప్రాచీన మానవుల ఎముకలనుంచి తీసిన డి. ఎన్. ఏ. ఫలితాలు ప్రకటితమయ్యాయి. అక్కడి తొలి రైతులు చాలావరకు అనటోలియా, అంటే నేటి టర్కీ ప్రాంతపు రైతుల సంతతివారని తేలింది. విత్తనమూ, మందా, వాటిని తెచ్చిన మనుషులూ తూర్పునుంచి వచ్చారు. రాగిపని మాత్రం ఆ వచ్చినవారి మునిమనుమలు వెయ్యేళ్ళకు పైగా గడిచాక తమ నేలమీదనే సాధించారు. పాత పండితుల మాటలో సగం నిజమున్నది, సగం లేదు. ఏ సగం ఏదో తేల్చినది అభిప్రాయం కాదు, కొలత.

ఈ జాగ్రత్త మరొక వస్తువు విషయంలో కూడా అవసరం. కరనొవో ఆరవ దశలో గుండ్రని మట్టిముద్ర ఒకటి దొరికింది. దాని ముఖం అడ్డగీత, నిలువుగీతలతో నాలుగు భాగాలయి, ఒక్కొక్క భాగంలో కొన్ని గుర్తులున్నాయి. ఇది లోకంలో తొలి లిపి అని కొందరన్నారు. కాని లిపి అనిపించుకోవాలంటే అవే గుర్తులు అనేక చోట్ల, అనేక వరుసలలో మళ్ళీ మళ్ళీ కనిపించాలి. ఒక్క ముద్రతో అది రుజువు కాదు. గొప్ప మాటకు గొప్ప ఆధారం కావాలి.

దిబ్బ అడుగుతున్నదేమి?

క్రీ. పూ. 4200 ప్రాంతంలో థ్రేసు మైదానపు ఊళ్ళు అనేకం ఖాళీ అయ్యాయి. శీతోష్ణస్థితి మారిందని కొందరు, నేలసారం తగ్గిందని కొందరు, బయటివారి తాకిడి అని మరికొందరు అంటారు. కరనొవోలో మళ్ళీ ఏడవ దశ ఊరు లేచేటప్పటికి దాదాపు వెయ్యేళ్ళు గడిచాయి. ఆ తరువాత ఆ నేలను థ్రేసియనులు, రోమనులు ఏలారు. దిబ్బమీద ఊరు ముగిసినా దాని పక్కన సేద్యం నేటికీ సాగుతున్నది.

1984లో వసిల్ నికొలొవ్, స్టెఫాన్ హిల్లర్‌ల ఆధ్వర్యాన బల్గేరియా, ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు కలిసి మళ్ళీ తవ్వకాలు ఆరంభించారు. మొదటివారు తవ్వేనాటికి గింజలను తేల్చి ఏరే పద్ధతి వాడుకలోకి రాలేదు, ఒక్క గింజకు తేదీ చెప్పే యంత్రం లేదు. దిబ్బలో తవ్వని భాగం మిగిలి ఉన్నందువల్లనే కొత్త ప్రశ్నలను మళ్ళీ అడగడం సాధ్యమయింది. రసాయన ప్రయోగం విఫలమైతే మళ్ళీ చేయవచ్చు. తవ్వకం అట్టిది కాదు, ఒకసారి తవ్విన పొరను తిరిగి పేర్చడం ఎవరికీ సాధ్యం కాదు. పొరనుంచి విడదీసిన కుండ అందంగా ఉండవచ్చు, కాని అది తేదీ చింపిన ఉత్తరంవంటిది.

పాటిమన్ను పొలానికి బలమని మన రైతులకు బాగా తెలుసు. పేడ, బూడిద, ఎముకల వల్ల ఆ మట్టిలో భాస్వరపు లవణాలు పేరుకొని ఉండటమే అందుకు కారణం. కాని బండ్లకెత్తిన ఆ మన్నుతో పాటు కుండపెంకుల వరుస కూడా చెదిరిపోతుంది. ఊరి పక్కన ఇట్టి దిబ్బ ఉన్న పాఠశాలలలో ఉపాధ్యాయులు విద్యార్థులను అక్కడికి తీసుకొనిపోయి, వానకు కోసుకుపోయిన గట్టున మట్టి రంగులు ఎన్ని ఉన్నాయో లెక్కించి, బొమ్మ గీయించవచ్చు. పెంకులను ఉన్నచోటనే ఉంచి చూడటం మొదటి పాఠం. కరనొవో దిబ్బ మూడువేల ఏళ్ళ సేద్యపు కథ చెప్పగలిగిందంటే, ఆ పొరలు కదలకుండా వేల ఏళ్ళు నిలిచి ఉండబట్టే.